ఇసుక మీద నిలిచిన గుడి

1

ఆ మధ్య నస్పూర్‌లో ఒక చిన్న సాహిత్య సమావేశం జరిగింది. స్థానిక చరిత్రను ఎట్లా రాయాలన్నది చర్చాంశం. రామప్ప గుడి మీద ఒక వ్యాసం రాయాలనుకుంటున్నానని నేను అన్నాను. వెంటనే ఒక యువమిత్రుడు లేచి, "గుళ్ళు రాజులు కట్టించిండ్రు, చాకిరి ప్రజలు చేసిండ్రు. ఇంతకన్న రాసేటిదేమున్నదన్నా?" అన్నాడు. కొందరు నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చిన తర్వాత మాత్రం ఆ మాట నన్ను వదిలిపెట్టలేదు.

ఆ మాటలో అబద్ధం లేదు. అయితే నిజమైన మాట కూడా ఒక్కొక్కసారి ఆలోచనకు అడ్డుకట్ట అవుతుంది. ప్రజలు చాకిరి చేశారని అనేసి ఊరుకుంటే, ఆ చాకిరి ఏమిటో, అందులో ఎంత నేర్పు ఉందో, ఎవరు ఏ పని ఎట్లా చేశారో తెలుసుకోవలసిన బాధ్యత నుంచి తప్పించుకుంటాం. పాత చరిత్రకారుడు రాజు పేరు రాసి శ్రామికుణ్ణి వదిలేశాడు. మనం శ్రామికుణ్ణి తలుచుకుని అతని పనిని వదిలేస్తున్నాం. పని తెలియకుండా పనివాడికి చేసే గౌరవం సభలో వేసే దండ వంటిది. సాయంత్రానికి వాడిపోతుంది.

నేను చరిత్ర పండితుణ్ణి కాను. శాసన లిపులు చదవలేను. ఇరవై ఎనిమిదేళ్ళు బొగ్గుబాయిలో పనిచేసి దిగిపోయినవాణ్ణి. అందులో ఎక్కువకాలం ఇసుక నింపే పనిలో, అంటే స్టోయింగ్‌లో గడిచింది. రామప్ప గుడి గురించి పండితులు చాలా రాశారు. 1922లోనే నిజాం పురావస్తు శాఖకు అధిపతిగా ఉన్న గులాం యజ్దానీ పాలంపేట గుళ్ళ మీద ఇంగ్లీషులో ఒక పుస్తకం ప్రకటించారు. వాళ్ళు చెప్పిన దానికి నేను కలపగలిగింది ఒక్కటే. భూమి కింద కప్పును నిలబెట్టే పని చేసిన మనిషికి, భూమి మీద కప్పును నిలబెట్టిన మనుషుల పని ఎట్లా కనిపిస్తుందన్నది. ఆ దృష్టితోనే ఈ నాలుగు మాటలు.

2

మా నస్పూర్ నుంచి పాలంపేటకు పోవాలంటే శ్రీరాంపూర్, ఇందారం మీదుగా గోదావరి దాటి గోదావరిఖని చేరాలి. అక్కడి నుంచి మంథని, కాటారం, భూపాలపల్లి. దారి పొడుగునా ఒకపక్క గోదావరి లోయ, ఒకపక్క అడవి, వాటి కింద బొగ్గు. భూపాలపల్లిలో మా అల్లుడు కాంట్రాక్టు పనిలో ఉన్నాడు. అక్కడినుంచి అతని బండి మీదే పోయాను.

భూపాలపల్లిలో గనుల పేర్లు గమనించదగినవి. మా వైపు గనులు రవీంద్రఖని పేరుతో ఆర్కే అయితే, అక్కడివి కాకతీయ ఖని పేరుతో కేటీకే. చెల్పూరులో 2010లో పనిచేయడం మొదలుపెట్టిన విద్యుత్ కేంద్రం పేరు కాకతీయ థర్మల్. ఎనిమిది వందల ఏళ్ళ కింద ఓరుగల్లు నుంచి ఏలిన రాజుల పేరు ఇవాళ బొగ్గు మీదా కరెంటు మీదా ఉంది. గణపురంలో గణపతిదేవుని కాలం నాటి కోటగుళ్ళున్నాయి. ఒకే ఆవరణలో ఇరవైకి పైగా చిన్నా పెద్దా గుళ్ళు, చాలావరకు శిథిలాలు. కాకతీయుల పేరు పెట్టుకోవడానికి పోటీ ఎక్కువే. వారి కాలపు రాళ్ళను నిలబెట్టుకోవడానికి మాత్రం ఆ పోటీ కనపడదు.

గణపురం దాటి, పొలాల మధ్య నుంచి, ములుగు జిల్లా వెంకటాపూర్ మండలంలోకి వస్తే పాలంపేట. ముందు చెరువు కట్ట, దానికి దగ్గరలోనే గుడి. ఈ రెండింటినీ విడదీసి చూస్తే ఏదీ అర్థం కాదు.

3

గుడి ఆవరణలో ఒక చిన్న మంటపం కింద శాసనం నిలబడి ఉంది. అందులోని తేదీ శక సంవత్సరం 1135, అంటే క్రీ.శ. 1213. కట్టించినవాడు రేచర్ల రుద్రుడు, కాకతీయ గణపతిదేవుని సేనాని. శాసనం అతని వంశాన్నీ పరాక్రమాన్నీ పొగిడి, గుడికి అతను రాసిచ్చిన ఊళ్ళను చెబుతుంది.

ఈ సేనానికి అంత పెద్ద గుడి కట్టవలసిన అవసరం ఎందుకొచ్చింది? భక్తి అన్నది ఒక జవాబు. దాన్ని నేను తీసిపారెయ్యను. భక్తి చరిత్రలో ఒక బలం. కాని భక్తికి కూడా ఒక కాలం, ఒక సందర్భం ఉంటాయి. పన్నెండో శతాబ్దం చివర కాకతీయ రాజ్యం కూలిపోయే దశకు వచ్చింది. హనుమకొండ వేయిస్తంభాల గుడి కట్టించిన రుద్రదేవుడు దేవగిరి యాదవులతో యుద్ధంలో పోయాడు. అతని తర్వాత రాజైన తమ్ముడు మహాదేవుడూ అదే వైరంలో పోయాడు. మహాదేవుని కొడుకు గణపతిదేవుడు యాదవుల చెరలో చిక్కాడు. గణపతి విడుదలై 1199లో సింహాసనం ఎక్కేదాకా రాజ్యాన్ని పట్టి నిలిపినవాడు ఈ రేచర్ల రుద్రుడు. రాజు లేని రాజ్యాన్ని మోసిన సేనాని, పద్నాలుగేళ్ళ తర్వాత తన ప్రాంతంలో తన పేరుతో దేవుణ్ణి నిలబెట్టాడు. శాసనంలో దేవుడి పేరు రుద్రేశ్వరుడు. అంటే దాత పేరే దేవుడి పేరు.

ఇంకో విషయం. కాకతీయులు కొన్ని శాసనాలలో తమను నాలుగో వర్ణం వారమని చెప్పుకున్నారు. వారి కింది సేనానులు, సామంతులు కూడా ఎక్కువమంది భూమిని నమ్ముకుని కత్తి పట్టి పైకి వచ్చినవారే. పాత వంశాల గొప్ప లేని ఈ కొత్త పాలకవర్గానికి, ఊరిలో తన అధికారం న్యాయమైనదని చాటుకోవడానికి రెండు పనులు కలిసి వచ్చాయి. ఒకటి గుడి, రెండు చెరువు.

తెలంగాణ మెట్టనేలలో చెరువు లేకుండా వరి లేదు. వరి లేకుండా పన్ను లేదు. పన్ను లేకుండా సైన్యం లేదు. పాకాల, రామప్ప, లక్నవరం ఈ లెక్కలో పుట్టినవే. చెరువు తవ్వించినవాడికి ఆ చెరువు కింద సాగయ్యే భూమిలో ఒక భాగం దక్కే దశబంధ పద్ధతి ఉండేది. కాబట్టి చెరువు పుణ్యమూ అయింది, పెట్టుబడీ అయింది. గుడికి ఇచ్చిన ఊళ్ళ పంట గుడి దగ్గరకు చేరింది. అక్కడ పూజారి, నర్తకి, వాద్యకాడు, వంటవాడు బతికారు. అడవి కొట్టి సాగులోకి తెచ్చిన కొత్త ఊళ్ళకు ఆ గుడి ఒక కూడలి అయింది.

ఇది ఒక వైపు. రెండో వైపు ఏమిటంటే, రాజవంశం 1323లో ఓరుగల్లు పతనంతో పోయింది. రేచర్ల రుద్రుని అధికారం పోయింది. గుడికి రాసిచ్చిన ఊళ్ళ హక్కులూ పోయాయి. చెరువు మాత్రం ఈనాటికీ నీళ్ళిస్తోంది. అన్ని పాలనలు మారినా ఆ కట్టను కాపాడినవాళ్ళు దాని కింద నాట్లు వేసినవాళ్ళు. పాలకుడు తన కోసం చేయించిన పని అతని చేతిలోంచి జారి ప్రజల చేతిలోకి రావడం చరిత్రలో జరుగుతుంది. కట్టించినవాడి ఉద్దేశాన్ని బట్టే కట్టడం విలువ కట్టేవాళ్ళు ఈ సంగతి మరిచిపోతారు.

4

ఇక గుడి దగ్గరకు వద్దాం.

తూర్పు ముఖం. నిలువెత్తుకు మించిన వేదిక, దాని అంచులు నక్షత్రం కోణాల్లాగా వంకలు తిరిగి ఉంటాయి. దాని మీద గర్భగుడి, అంతరాళం, ముందు రంగమంటపం. మంటపానికి తూర్పు, దక్షిణ, ఉత్తర దిక్కులలో మూడు వాకిళ్ళు. ఎదురుగా నంది. గోడల అడుగున గుడి చుట్టూ నడిచే ఏనుగుల వరస. రెండు పక్కల కాటేశ్వర, కామేశ్వర ఆలయాలు. వీటిలో కామేశ్వరాలయాన్ని తిరిగి కట్టడానికని పురావస్తు శాఖవారు విప్పి, రాళ్ళకు అంకెలు వేసి పక్కన పేర్చారు. ఆ పేర్పు ఏళ్ళ తరబడి అట్లాగే ఉండిపోయింది.

వచ్చినవాళ్ళు ముందుగా చూసేది చూరు కింద ఏటవాలుగా నిలిచిన నల్లరాతి స్త్రీ మూర్తులను. నాట్యకత్తెలు, నాగిని, కాలిలో ముల్లు తీయించుకుంటున్న స్త్రీ. ఒక మూర్తి కాలికి మడమ ఎత్తు చెప్పులున్నాయని గైడు చూపిస్తాడు, అందరూ ఫొటోలు తీసుకుంటారు. నటరాజ రామకృష్ణగారు ఈ శిల్పాలనూ, గణపతిదేవుని గజసేనాని జాయపుడు రాసిన నృత్తరత్నావళినీ దగ్గర పెట్టుకుని పేరిణి నాట్యాన్ని మళ్ళీ నిలబెట్టారు. ఒక రాయి ఒక నాట్యాన్ని ఇన్ని వందల ఏళ్ళు దాచిపెట్టి తిరిగి ఇవ్వడం చిన్న విషయం కాదు. నా చూపు మాత్రం అలవాటు కొద్దీ కప్పు మీదికీ, కాళ్ళ కిందికీ పోయింది.

బాయిలో దిగినవాడు మొదట చూసేది కప్పునే. బొగ్గు పొర మీద ఉండేది ఎక్కువగా ఇసుకరాయి. కర్రతో తట్టి చూస్తే, గట్టి బండ ఒక రకంగా మోగుతుంది, వదులైన బండ డొల్లగా పలుకుతుంది. ఆ తేడా వినబడనివాడు ఎక్కువకాలం బతకడు. రామప్ప గుడి ఒళ్ళంతా ఎర్రటి ఇసుకరాయి. ఇసుకరాయి చెక్కడానికి ఒదుగుతుంది. కాని వంపు భారానికి బలహీనం. అడ్డంగా వేసిన దూలం మధ్యలో విరుగుతుంది. మరి రంగమంటపం మధ్యలో అంత ఖాళీ వదిలి కప్పు ఎట్లా వేశారు? మధ్యలో నాలుగు స్తంభాలు నిలిపి, వాటి మీద దూలాలు వేసి, ఆ చతురస్రానికి మూలల్లో అడ్డబండలు పరుచుకుంటూ పైకి పోయి ఖాళీని కొంచెం కొంచెంగా చిన్నది చేశారు. ఎక్కువ బరువు పడేచోట, సన్నటి పని కావలసినచోట నల్లరాయి వాడారు. ఆ నల్లరాయి ఎంత కఠినమో దాని నునుపే చెబుతుంది. అద్దం లాగా మెరుస్తుంది. దాన్ని తొలవాలంటే ఉలి మాటిమాటికీ మొద్దువారుతుంది. కాబట్టి శిల్పి ఎంతమంది ఉంటే పక్కన కొలిమి దగ్గర కమ్మరులు అంతకు తగినంత మంది ఉండాలి. కొలిమికి బొగ్గు కాల్చేవాళ్ళు, కట్టె కొట్టేవాళ్ళు, బండలను రాతిగని నుంచి విడదీసేవాళ్ళు, ఎడ్లు తోలేవాళ్ళు ఉండాలి. ఒక్క మూర్తి నడుము వంపు వెనుక ఎన్ని చేతులున్నాయో లెక్క వేసి చూడండి. గుడి పని దాదాపు నలభై ఏళ్ళు సాగిందని ఒక అంచనా. అదే నిజమైతే, తండ్రి మొదలుపెట్టిన పనిని కొడుకు పూర్తి చేసి ఉంటాడు.

రెండోది, శిఖరం. గర్భగుడి మీది శిఖరం రాతితో కట్టలేదు, ఇటుకతో కట్టారు. అది మామూలు ఇటుక కాదు. నీళ్ళలో వేస్తే తేలుతుంది. లోపలంతా సన్నటి రంధ్రాలు. మట్టిలో పొట్టు వంటి కాలిపోయే పదార్థం కలిపి కాల్చితే అది కాలిపోయిన చోటల్లా గాలి మిగిలి ఇటుక తేలికవుతుందని పరిశీలించినవారు వివరిస్తారు. గైడు దీన్ని అద్భుతం అంటాడు. నేను దీన్ని లెక్క అంటాను. పైబరువు తగ్గితే కింది ఆధారం నిలుస్తుంది. ఈ సూత్రం తెలియని సపోర్టు పనివాడు మా బాయిలో లేడు. శిఖరాన్ని బండలతో కట్టి ఉంటే ఇసుకరాతి గోడలు ఎప్పుడో బిగుసుకుని పగిలేవి. ఇటుక కాల్చిన కుమ్మరి ఎవరో గాని, అతనికి గుడి మొత్తం బరువు ఎట్లా దిగుతుందో అర్థమై ఉండాలి. లేదా, అర్థమైన మనిషి అతన్ని సంప్రదించి ఉండాలి. అంటే ఆ పనిస్థలంలో వేరువేరు వృత్తులవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు. ఎవరి కులం గడప వాళ్ళు దాటకూడదన్న సమాజంలో పని వాళ్ళను దాటించింది.

మూడోది, నా పని. ఇసుక.

రామప్ప గుడి పునాది ఇసుక మీద ఉంది. గొయ్యి తవ్వి, ఇసుక నింపి, గట్టిపరచి, దాని మీద రాతి వరసలు లేపారు. ఇసుకలో సున్నం, బెల్లం, కరక్కాయ కలిపారని చెబుతారు. ఇంజనీర్లు దీన్ని శాండ్‌బాక్స్ పద్ధతి అంటున్నారు. కాకతీయ నిర్మాణాలలో ఇది కొత్త కాదు. హనుమకొండ వేయిస్తంభాల గుడి కళ్యాణమంటపాన్ని 2006లో విప్పినప్పుడు కూడా అడుగున ఇసుక పునాదులే బయటపడ్డాయి. ఆ మంటపాన్ని మళ్ళీ నిలబెట్టి ప్రజలకు తెరవడానికి 2024 దాకా పట్టింది. కట్టినవాళ్ళ పని విప్పడం సులువు, మళ్ళీ కట్టడం అంత సులువు కాదని దానితో తెలిసింది.

"ఇసుక మీద కట్టినట్టు" అని మనం నిలకడలేని దాన్ని వెక్కిరిస్తాం. స్టోయింగ్ చేసినవాడు ఆ సామెతను ఒప్పుకోడు. బాయిలో మొదట బొగ్గును దారులుగా తవ్వి, మధ్యలో స్తంభాలు వదులుతాం. తర్వాత ఆ స్తంభాలను కూడా తీస్తాం. తీసినచోట గోఫ్ మిగులుతుంది. అంటే పైన బండ, కింద ఖాళీ. దాన్ని అట్లాగే వదిలితే బండ కూలుతుంది, పైన భూమి కుంగుతుంది. అందుకని గోదావరి ఇసుకను నీళ్ళతో కలిపి పైనుంచి గొట్టాల ద్వారా లోపలికి పంపి ఆ ఖాళీని నింపుతారు. ముందుగా కర్రలతో, తడికలతో బారికేడ్ కట్టాలి. నీళ్ళు దాని సందుల్లోంచి కారిపోతాయి, ఇసుక నిలుస్తుంది. చుట్టూ కదలడానికి చోటు లేకపోతే ఇసుక అంత నమ్మకమైన ఆధారం ఇంకొకటి లేదు. బరువు పడిన కొద్దీ గట్టిపడుతుంది. ఒకచోట పడిన భారాన్ని నాలుగు పక్కలా పంచుతుంది. అదురును తనలో కలుపుకుంటుంది. 1939లో గనుల భద్రత కోసం స్టోయింగ్ మీద ప్రత్యేక చట్టమే వచ్చింది. అంతకు ఏడు వందల ఏళ్ళ ముందు పాలంపేటలో గొయ్యి తవ్విన ఒడ్డెరవాళ్ళకు ఇసుక స్వభావం తెలుసు.

ఇసుకకు ఒక శత్రువు ఉంది. దారి. బారికేడ్‌లో ఒక్క కంత పడితే చాలు, నీళ్ళతో పాటు ఇసుక జారిపోతుంది. రామప్ప గుడిలోకి పోయినవారు నేల సమంగా లేదని గమనించే ఉంటారు. కొన్ని బండలు కుంగాయి, కొన్ని లేచాయి. భూకంపం వల్ల అంటారు కొందరు. నేను మోకాళ్ళ మీద కూర్చుని ఆ బండల అంచులు తడిమి చూశాను. పండితులు చెప్పే కారణాలను కాదనే స్థోమత నాకు లేదు. ఇసుక ఎక్కడో సర్దుకుందని మాత్రం నా చెయ్యి చెప్పింది. నేల కుంగినా స్తంభాలు నిలిచే ఉన్నాయి. కప్పు నిలిచే ఉంది. కుంగవలసి వస్తే ఏది కుంగాలో, ఏది కుంగకూడదో తెలిసి కట్టిన పని అది.

5

ఇప్పుడు పేరు సంగతి. శాసనంలో రుద్రేశ్వరుడు. ప్రజల నోట రామప్ప గుడి. రామప్ప ఈ గుడిని చెక్కిన శిల్పాచార్యుడని పరంపరగా చెప్పుకుంటారు. దేవుడి పేరు మీద కాక, కట్టించిన రాజు పేరు మీద కాక, చెక్కినవాడి పేరు మీద పిలవబడే గుడి ఇదొక్కటే అని కూడా అంటారు.

మన మిత్రులు చాలామంది ఇక్కడ వెంటనే సంతోషపడి, శ్రామికుడి పేరు చరిత్రకెక్కిందని రాసేస్తారు. కొంచెం ఆగాలి. గుడి శాసనం రామప్పను ఎరగదు. రామలింగేశ్వరుడు అన్న పేరే జనం నోట రామప్ప అయి ఉండవచ్చునని ఎవరైనా అంటే, దాన్ని తోసిపుచ్చగల ఆధారం మన దగ్గర లేదు. మనకు ఇష్టమైన విషయానికి ఆధారం అడగకుండా ఉండడం, ఇష్టం లేని విషయానికి మాత్రం పది ఆధారాలు అడగడం శాస్త్రీయ దృష్టి అనిపించుకోదు. శిల్పి రామప్ప ఉన్నాడని నేను చెప్పలేను.

అయితే ఇంకో మాట చెప్పగలను. ఇంత గొప్ప పనికి ఒక పనివాడి పేరు ఉండి తీరాలని జనం అనుకున్నారు. సేనాని పేరు రాతి మీద ఉన్నా దాన్ని వాడుకలోకి రానివ్వలేదు. తరాల తరబడి ఈ గుడిని చూసిన రైతులు, పశువుల కాపర్లు, చెరువు కింది కూలీలు దీన్ని కట్టించినవాడిది అనుకోలేదు, చెక్కినవాడిది అనుకున్నారు. రామప్ప అనే మనిషి ఉన్నాడా లేడా అన్నది శాసన పరిశోధకులు తేల్చాలి. జనం అట్లా అనుకున్నారన్నది మాత్రం ఇప్పటికే తేలిన చరిత్ర. దానికి శాసనం అక్కరలేదు. రోడ్డు మీద బస్సు బోర్డు చాలు.

ఈ జనం ఇచ్చిన యోగ్యతాపత్రం మనకు చాలదు. బయటివాడు ఎవరో పొగడాలి. మార్కోపోలో ఈ గుడిని నక్షత్రాలలో మేటి నక్షత్రం అన్నాడని పర్యాటక కరపత్రాలలో చాలాకాలంగా అచ్చవుతోంది. మార్కోపోలో మోటుపల్లి రాజ్యం గురించి రాసినచోట వజ్రాలున్నాయి, సన్నటి బట్టలున్నాయి, రాణి పాలన ఉంది. పాలంపేట లేదు. 2021 జూలై 25న యునెస్కో ఈ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అది మంచిదే, రక్షణకు ఒక బలం. కాని యునెస్కో చెప్పేదాకా ఈ గుడి మనది కాదన్నట్టు, చెప్పిన మరునాటి నుంచి మనదే అన్నట్టు జరిగిన హడావిడి చూస్తే సిగ్గు వేసింది.

6

చివరిగా చెప్పవలసింది నాకు అన్నిటికంటే కష్టమైన విషయం.

గోదావరి లోయలో గుడి ఉన్నచోటే బొగ్గు కూడా ఉంది. రామప్ప పరిసరాల్లో ఓపెన్‌కాస్ట్ గని తవ్వే ప్రతిపాదనలు వచ్చాయి. వారసత్వ పరిరక్షణ కోరేవాళ్ళు వాటికి అభ్యంతరం చెప్పారు. అంతకుముందు దేవాదుల ఎత్తిపోతల సొరంగం పనుల పేలుళ్ళ వల్ల గుడికి హాని జరుగుతుందని ఆందోళన జరిగింది. రక్షిత కట్టడాల చట్టం 2010 సవరణ ప్రకారం కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధం, ఆ పైన 200 మీటర్లు అనుమతి ఉంటేనే పని. యునెస్కో జాబితా వల్ల అదనపు రక్షణ మండలం వచ్చింది. కాని పేలుడు అదురు మీటర్ల కొలత చూసుకుని ఆగదు. అది నేలను బట్టి, రాతి పొరలను బట్టి, ఒక్కసారి పేల్చే మందును బట్టి పోతుంది. చుట్టూ బిగిసి ఉన్నంతవరకే ఇసుక ఆధారం. రోజూ కొంచెం కొంచెంగా అదిరితే అది సర్దుకుంటుంది. సర్దుకుంటే దారి వెతుక్కుంటుంది.

ఈ మాటే నంది పక్కన నిలబడి మా అల్లుడితో అన్నాను. అతను కాసేపు ఊరుకుని, "గుడి గుడే మామా, కాదనను. గని ఒస్తె పదిమందికి పని దొరుకుతది గద. నాది కాంట్రాక్టు కొలువు. నెల నెల ఉంటదో ఊడుతదో తెల్వది. మీరంటె పెన్షన్ మీద కూసున్నరు" అన్నాడు.

అతను అమర్యాదగా అనలేదు. ఉన్నమాట అన్నాడు. నాకు వెంటనే జవాబు దొరకలేదు. నేను తిన్న తిండి, నా బిడ్డల చదువు, ఈ అల్లుడికి బిడ్డనిచ్చి చేసిన పెళ్ళి, అన్నీ బొగ్గు తెచ్చినవే. గుడిని కాపాడాలని చెప్పే పట్నం పెద్దమనుషుల ఇళ్ళలో వెలిగే దీపమూ ఆ బొగ్గుదే. ఆకలిని పక్కన పెట్టి వారసత్వం గురించి మాట్లాడితే ఎవరూ వినరు, వినవలసిన అవసరమూ లేదు.

దారిలో ఆలోచించుకున్నాను. సింగరేణిలో 1990 ప్రాంతంలో లక్ష దాటి ఉన్న కార్మికుల సంఖ్య ఇప్పుడు 40 వేల దాపుకు వచ్చింది. ఈ కాలంలో బొగ్గు ఉత్పత్తి తగ్గలేదు, పెరిగింది. అండర్‌గ్రౌండ్ గనిలో వందల మంది చేసే పనిని ఓపెన్‌కాస్ట్‌లో యంత్రాలు చేస్తాయి. ఆ తగ్గుదలకు ఈ మార్పు ఒక పెద్ద కారణం. కాబట్టి అల్లుడు కోరే కొలువు ఆ గొయ్యిలో ఎన్ని ఏళ్ళు ఉంటుందన్నది కూడా అడగవలసిన ప్రశ్నే. గుడికీ కూలికీ మధ్య పోటీ పెట్టి మాట్లాడేవాళ్ళు ఈ లెక్క చెప్పరు. ఆ రాత్రి ఇంట్లో ఈ లెక్క చెప్పాను. అల్లుడు విన్నాడు. ఒప్పుకున్నాడని అనను. "లెక్క సరే మామా, ఇయ్యాల పని సంగతేంది?" అన్నాడు. ఆ ప్రశ్నకు ఒక వ్యాసం జవాబు చెప్పలేదు. కాని ఆ ప్రశ్నను దాచి రాసే వ్యాసం నిజాయితీ గలది కాదు.

నా మట్టుకు నాకు తోచిన పనులు మూడున్నాయి. శాసనంలో ఏముందో తెలుగు వాడుకభాషలో రాసి ఆ మంటపం దగ్గర పెట్టాలి. ఎనిమిది వందల ఏళ్ళుగా అక్కడ నిలబడి ఉన్న రాయిని వచ్చినవారిలో చదివేవాళ్ళు లేకపోవడం విచారకరం. చుట్టుపక్కల ఎక్కడ పేలుడు జరిగినా గుడి దగ్గర అదురు ఎంత నమోదైందో ఆ కొలతలు ఎప్పటికప్పుడు ప్రజలకు తెలియాలి. అవి ఆఫీసు బీరువాలలో ఉండవలసినవి కావు. మూడోది మనం చేయవలసింది. ఒడ్డెరలు, కమ్మరులు, కాసెపనివారు, ఇటుక కాల్చేవారు, మా స్టోయింగ్ పాతకాపులు ఇంకా బతికి ఉన్నారు. రాయి గురించీ ఇసుక గురించీ వాళ్ళకు తెలిసినది వాళ్ళతోనే పోతోంది. సమావేశాలలో ప్రజల చరిత్ర అని అనేవాళ్ళు ఒక నోటుపుస్తకం పట్టుకుని వాళ్ళ వాకిళ్ళకు పోవాలి.

వచ్చే నెలలో నేను మళ్ళీ పాలంపేట పోతున్నాను. నస్పూర్ సమావేశంలో లేచి అడిగిన యువమిత్రుణ్ణి వెంట రమ్మన్నాను. వస్తానన్నాడు. కొలిచే టేపు ఒకటి తెమ్మని చెప్పాను.